స్కానింగ్ గదిలోకి ఎవరిని తీసుకువెళ్లాలి?

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి అందులోని ముఖ్య విషయాలు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 24 ఏళ్లు. పుట్టిల్లు పాతపట్నం దగ్గర ఒక పల్లె, మెట్టినిల్లు పర్లాకిమిడి. ఆటోలో పోయే దూరమే, కాని రాష్ట్రం మారింది. ఇంట్లోనూ బజారులోనూ తెలుగే. ఆస్పత్రిలో డాక్టరుగారు మాత్రం కటక్ వైపు వారు, ఒడియాలో మాట్లాడతారు. అక్కడ ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు ఒడియాలో ఉంది, స్కానింగ్ రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది. ఈమె ఇంటర్ వరకు తెలుగులో చదువుకున్నారు.

నిరుడు మొదటిసారి నెల తప్పినప్పుడు, ఎనిమిదో వారంలో ఒక ప్రైవేటు కేంద్రంలో స్కానింగ్ చేశారు. పొట్ట మీద నుంచి సరిగా కనిపించడం లేదని లోపలి నుంచి చేసే పరికరం పెట్టారు. బిడ్డ గుండె చప్పుడు పైకి వినిపించారు. "గుర్రం పరుగెత్తినట్టు వినిపించింది. ఇప్పటికీ రాత్రిపూట ఆ చప్పుడే గుర్తుకొస్తుంది" అని రాశారు. పన్నెండు రోజుల తరువాత రక్తస్రావమై గర్భం పోయింది. అత్తగారు ఆ రోజు నుంచి ఒకటే మాట అంటున్నారు: "లోపల ఆ యంత్రం పెట్టబట్టే పోయింది."

ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉన్నారు, 17 వారాలు. 19, 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే స్కానింగ్ చేయించుకోమని డాక్టరుగారు రాశారు. అత్తగారు ససేమిరా అంటున్నారు. "నలుగురిని కన్నాను. ఒక్కడు మూడో రోజున పోయాడు, మిగిలిన ముగ్గురూ బంగారంలా ఉన్నారు. నాకెవరు చేశారు స్కానింగులు?" అంటారట. కొమ్ము బొమ్మల దుకాణంలో పనిచేసే భర్తది వేరే ధోరణి. విశాఖలోని స్నేహితుడు కడుపులో ఉన్న తన బిడ్డ ముఖాన్ని వీడియోలో చూపించాడు. మనమూ తీయించుకుందాం, నెలనెలా స్కానింగ్ చేయిస్తే ధైర్యంగా ఉంటుంది అంటున్నారు. పుట్టింటివాళ్లు మాత్రం, ఎవరికీ చెప్పకుండా వచ్చేయమంటున్నారు. తోటికోడలు ఒక రోజు, ఆడబిడ్డో మగబిడ్డో చెప్పేవాళ్లు అటువైపు ఉన్నారని చెవిలో ఊదారట.

చివర ఇలా రాశారు: "నా మొదటి బిడ్డను ఆ స్కానింగే చంపిందా? అది తేలితే గాని ఈ స్కానింగుకు నా కాళ్లు కదలవు."

అమ్మా, మీ చివరి ప్రశ్నకే మొదట జవాబు చెబుతాను. ఆ స్కానింగ్ వల్ల మీ బిడ్డ పోయిందనడానికి ఆధారమేమీ లేదు. ప్రసూతి వార్డుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. గర్భం పోయిన తల్లుల్లో, తాను చేసిన ఏదో ఒక పని వల్లే అలా జరిగిందని అనుకోని తల్లిని నేను చూడలేదు. ఒకరు మెట్లెక్కాను అంటారు, ఒకరు బొప్పాయి తిన్నాను అంటారు, ఒకరు బస్సులో ప్రయాణం చేశాను అంటారు. మీ చేతికి స్కానింగ్ దొరికింది. నిర్ధారణ అయిన గర్భాలలో నూటికి పది నుంచి ఇరవై దాకా మొదటి నెలల్లోనే పోతాయి. వాటిలో దాదాపు సగానికి కారణం, బిడ్డ ఏర్పడిన తొలి క్షణాల్లోనే క్రోమోజోముల లెక్కలో వచ్చిన తేడా. అంటే మీరు ఆ స్కానింగ్ బల్ల మీద పడుకోవడానికి వారాల ముందే జరిగిపోయిన సంగతి. మీ విషయంలో కూడా అదే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను, ఆ పరీక్ష చేసి ఉండరు కాబట్టి. కాని స్కానింగ్ ఉన్నా లేకపోయినా ఆ నష్టం అంతే మోతాదులో జరుగుతూ వచ్చింది. మీ అత్తగారి కాలంలో కూడా జరిగింది. అప్పుడు దానికి పేరు పెట్టడానికి యంత్రం లేదు, అంతే.

ఇక లోపల పెట్టిన పరికరం సంగతి. అది ఎందుకు పెడతారో ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. స్కానింగులో వాడేది శబ్దం. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వినగలదు. పొట్ట మీద పెట్టే పరికరం సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాల శబ్దాన్ని పంపి, లోపలి నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వింటుంది. నూతిలోకి వంగి పిలిస్తే గొంతు తిరిగి వస్తుంది కదా, అలాగే. ఆ పరికరం పనిచేసే కాలంలో నూటికి తొంభై తొమ్మిది వంతులు వినడంలోనే గడుస్తుంది. పంపేది ఒక్క చిటుక్కుమనే పాటి శబ్దం, తరువాత మౌనం. కంపనాలు పెరిగే కొద్దీ బొమ్మ స్పష్టంగా వస్తుంది, కాని శబ్దం లోతుకు పోలేదు. ఎనిమిదో వారంలో బిడ్డ పొడవు సెంటీమీటరున్నర. అంత చిన్న ప్రాణిని స్పష్టంగా చూడాలంటే పరికరాన్ని దగ్గరికి తీసుకువెళ్లాలి, అందుకే యోనిమార్గంలో పెడతారు. అది గర్భసంచి ముఖద్వారం దాటి లోపలికి పోదు, బిడ్డను తాకదు.

ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. గుండె చప్పుడును పైకి వినిపించడానికి సాధారణంగా డాప్లర్ అనే పద్ధతి వాడతారు. మామూలు బొమ్మ తీసేటప్పుడు శబ్దం అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ఈ రకం డాప్లర్‌లో ఒకేచోట నిలబడి ఎక్కువ శక్తితో కొడుతుంది, అక్కడ కొద్దిగా వేడి పుట్టవచ్చు. అందుకే మొదటి మూడు నెలల్లో దీన్ని అలవాటుగా వాడవద్దనీ, గుండె వేగాన్ని ఎం-మోడ్ అనే పద్ధతిలో గీతలుగా చూసి లెక్కించాలనీ నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. మీకు ఆ చప్పుడు వినిపించనవసరం లేదు, వినిపించారు. అది జాగ్రత్త లోపమే. కాని కొన్ని క్షణాల డాప్లర్ వల్ల గర్భం పోయినట్టు ఎక్కడా నిరూపణ కాలేదు. శబ్దం తగిలే చోట బిడ్డ ఒంట్లో వేడి నాలుగు డిగ్రీలు పెరిగి అయిదు నిమిషాలు అలాగే ఉంటే బిడ్డకు ప్రమాదం ఉంటుందని లెక్క వేస్తారు. గుండె చప్పుడు వినిపించే ఆ కొద్ది క్షణాల్లో అంత వేడి పుట్టదు. ఆ చప్పుడు మీకు మిగిలిన ఒకే ఒక్క గుర్తు. దాన్ని నేరంగా మార్చుకోవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను.

మీ అత్తగారి భయాన్ని కూడా కొట్టిపారేయలేను. గర్భిణులు "కిరణాల" దగ్గరికి పోకూడదన్న మాట ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు కడుపులో బిడ్డను చూడాలంటే ఎక్స్-రేనే తీసేవారు. ఇంగ్లండులో ఆలిస్ స్టీవర్ట్ అనే వైద్యురాలు, ఎక్స్-రే తీసిన తల్లుల పిల్లల్లో కాన్సరు ఎక్కువగా వస్తోందని తల్లులను అడిగి తెలుసుకుని 1958లో వివరంగా ప్రచురించారు. అదే ఏడాది గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం, లోహాల్లో పగుళ్లు వెదికే శబ్ద యంత్రాల దారిలో నడిచి, కడుపులోని గడ్డలనూ బిడ్డనూ శబ్దంతో చూడవచ్చని చూపించింది. కిరణాలు వదిలేసి శబ్దానికి మారింది మీ అత్తగారికి ఉన్న భయం వంటి భయంతోనే. ఆమె భయపడుతున్నది ఎక్స్-రేకు, మీకు రాసింది ఎక్స్-రే కాదు. ఈ ఒక్క మాట ఆమెకు ఎవరైనా విడమరచి చెప్పి ఉంటే సగం గొడవ తగ్గేది.

ఆ తరువాత లక్షల మంది తల్లుల మీద అనుభవం పోగయింది. నార్వే, స్వీడన్ దేశాల్లో, కడుపులో ఉండగా స్కానింగ్ అయిన పిల్లలను, కాని పిల్లలను బడికి వెళ్లే వయసు దాకా గమనించారు. ఎదుగుదలలో, చూపులో, వినికిడిలో, చదువులో తేడా లేదు. మగపిల్లల్లో ఎడమచేతి వాటం కాస్త ఎక్కువగా కనిపించింది, అది స్కానింగ్ వల్లనే అని మాత్రం తేలలేదు. ఇవన్నీ తెలిసినా వైద్యులు పాటించే నియమం ఒకటి ఉంది: అవసరమైన సమాచారం రావడానికి ఎంత తక్కువ శక్తి, ఎంత తక్కువ సేపు చాలితే అంతే వాడాలి. యంత్రం తెర మీద వేడిని సూచించే అంకె, ఒత్తిడిని సూచించే అంకె కనిపిస్తూనే ఉంటాయి. మీరు కావాలంటే అడిగి చూడవచ్చు.

ఇప్పుడు ఈ బిడ్డ సంగతి. డాక్టరుగారు రాసిన దాన్ని మన వైపు టిఫా స్కాన్ అంటారు. 18 నుంచి 22 వారాల మధ్య తల, వెన్నెముక, గుండెలోని నాలుగు గదులు, మూత్రపిండాలు, కాళ్లూ చేతులూ, ఉమ్మనీరు, మాయ ఎక్కడ అతుక్కుంది అన్నీ వరుసగా చూస్తారు. 24 వారాలలోపు కనీసం ఒక స్కానింగ్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి చెబుతోంది. పర్లాకిమిడి వంటి ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం అంటాను. మాయ కిందికి ఉండి గర్భసంచి దారికి అడ్డం ఉందనుకోండి, నొప్పులు మొదలయ్యాక తెలిస్తే బరంపురమో శ్రీకాకుళమో పరుగెత్తాలి, దారిలో రక్తం పోతుంది. ఇరవయ్యో వారంలో తెలిస్తే చాలావరకు అది తరువాతి నెలల్లో పైకి జరుగుతుంది, జరగకపోతే కాన్పు ఎక్కడ కావాలో ముందే నిర్ణయించుకోవచ్చు. బిడ్డ గుండెలో లోపం ఉంటే, పుట్టగానే చూసే వైద్యులున్న చోట కనవచ్చు. అన్ని లోపాలూ స్కానింగులో కనబడవు, అంతా బాగుందని రాసినా అది హామీపత్రం కాదు. ఇది కూడా తెలిసి వెళ్లండి.

మీ ముందు మూడు దారులు ఉన్నాయి.

అత్తగారి మాట విని మానేయడం మొదటిది. బిడ్డ బాగానే పుట్టే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే చాలామంది పిల్లలు బాగానే పుడతారు. కాని ఏదైనా ఉంటే తెలిసే సమయం దాటిపోతుంది. బతకడం కష్టమయ్యేంత తీవ్రమైన లోపం ఉంటే ఏం చేయాలన్న నిర్ణయానికి కూడా గడువు ఉంది. 2021లో గర్భస్రావ చట్టం సవరించాక, 24 వారాలు దాటితే గర్భం తీయించుకోవడానికి వైద్య మండలి అనుమతి కావాలి, ఆ తిరుగుడు మామూలుది కాదు. పైగా మీరు ఉత్తరంలో రాసిన దాన్ని బట్టి, మానేసినా మీకు శాంతి ఉండదు. మిగిలిన అయిదు నెలలూ ఆ చప్పుడు వింటూనే గడుపుతారు.

రెండోది, పుట్టింటికి వెళ్లి చెప్పకుండా చేయించుకోవడం. వైద్యపరంగా ఇందులో తప్పు లేదు, మంచి కేంద్రం అయితే చాలు. కాని రిపోర్టు ఒక రాష్ట్రంలో, కార్డు ఒక రాష్ట్రంలో పడతాయి. దాచిన కాగితాన్ని పర్లాకిమిడి డాక్టరుగారికి చూపించలేరు, చూపించని స్కానింగ్ చేయనిదాంతో సమానం. ఇంట్లో బయటపడితే, రేపు బిడ్డకు జలుబు చేసినా ఆ స్కానింగే కారణమవుతుంది. అయినా ఇదొక్కటే దారి అయిన రోజు వస్తే, మానేయడం కంటే ఇదే మేలు. అప్పుడు రిపోర్టు నకలు ఒకటి మీ కార్డులో పెట్టుకోండి.

మూడోది, ఇంట్లో చెప్పి చేయించుకోవడం. ఇది కష్టం. దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

మీ అత్తగారి మాటను నేను నాలుగుసార్లు చదివాను. "ఒక్కడు మూడో రోజున పోయాడు." మీరు దాన్ని దాటుకుంటూ రాశారు, బహుశా ఆమె కూడా దాటుకుంటూనే అన్నారు. ఆ బిడ్డ ఎందుకు పోయాడో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఆమెను ఎవరూ అడిగి కూడా ఉండరు. మీరిద్దరూ బిడ్డను పోగొట్టుకున్నవారే. ఒక సాయంత్రం, స్కానింగ్ ఊసే ఎత్తకుండా, ఆ బిడ్డ గురించి అడగండి. ఏడ్చాడా, పాలు తాగాడా, ఏ రంగున ఉన్నాడు. ఆమెను ఒప్పించే ఎత్తుగా అడిగితే తెలిసిపోతుంది, కాబట్టి నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే అడగండి. ఆమె చెప్పకపోవచ్చు. విసుక్కోవచ్చు. చెబితే మాత్రం, "అత్తయ్యా, నాకు కూడా అదే భయం, ఈసారి ముందే తెలుసుకుందాం" అనే మాట మీ నోట సహజంగానే వస్తుంది. స్కానింగ్ వద్దని ఆమె అంటున్నది మీ మీద ప్రేమ లేక కాదని నా నమ్మకం. ఈ బిడ్డను కూడా ఎవరో ముట్టుకుని పాడు చేస్తారన్న బెదురు.

మీ భర్త బెదురు ఇంకో రూపంలో ఉంది. ఆయన నెలనెలా చూడాలంటున్నారు. ముఖం కనిపించే త్రీడీ, ఫోర్డీ స్కానింగులు వేరే కిరణాలేమీ కావు, అదే శబ్దాన్ని కంప్యూటరు బొమ్మగా పేర్చి చూపిస్తుంది. పెదవి చీలిక వంటివి అనుమానం ఉన్నప్పుడు వైద్యులకు పనికొస్తుంది. జ్ఞాపకంగా దాచుకోవడం కోసం తీయించుకోవడం మాత్రం వద్దు. అందమైన ముఖం దొరికేదాకా అరగంట, గంట పరికరం అక్కడే ఉంచాల్సి వస్తుంది. వైద్య కారణం లేకుండా గర్భిణికి స్కానింగ్ చేయడాన్ని మన చట్టమూ ఒప్పుకోదు. నెలనెలా చేయిస్తే అదనంగా తెలిసేది కూడా ఏమీ ఉండదు. ఏడో నెల తరువాత బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని అనుమానం వస్తే, అప్పుడు బొడ్డుతాడులో రక్తప్రవాహం చూసే డాప్లర్ రాస్తారు. అది రాస్తే భయపడి మానకండి. మొదటి నెలల్లో వద్దన్న డాప్లరే ఆ సమయంలో ప్రాణాలు కాపాడుతుంది.

ఆయనకు వీడియోకు బదులు ఒక పని అప్పగించండి. ఆయన ఒడియాలో చదువుకున్నవారై ఉంటారు. మీకూ డాక్టరుగారికీ మధ్య మాట మోయవలసింది ఆయనే. మీ ప్రశ్నలు తెలుగులో కాగితం మీద రాసి ఆయన చేతికి ఇవ్వండి: మాయ ఎక్కడుంది, గుండె నాలుగు గదులూ కనిపించాయా, మళ్లీ ఎప్పుడు రావాలి. జవాబులు ఆయన అక్కడే తెలుగులో రాయాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊళ్లోనే ఉండి, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని సవర భాష నేర్చుకున్నారు. మీ కడుపులో బిడ్డ సంగతి మీ భాషలో తెలుసుకోవడానికి మీరు మొహమాటపడనవసరం లేదు. ఆయన రాలేని రోజున ఆశా కార్యకర్తను వెంట రమ్మనండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది, స్కానింగ్ తేదీ గురించి ఆ రోజు అడిగితే సులువు.

తోటికోడలి మాట గురించి ఎంపికలు ఇవ్వను. ఆడో మగో తెలుసుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం సరిహద్దుకు ఇటూ అటూ ఒకటే. మాటతో చెప్పినా, సైగతో చెప్పినా నేరమే. చెప్పిన డాక్టరుకూ, అడిగించిన కుటుంబానికీ మూడేళ్ల దాకా జైలు ఉంటుంది. గర్భిణిని మాత్రం, ఇంట్లోవాళ్లు బలవంతపెట్టారనే చట్టం భావిస్తుంది. స్కానింగుకు ముందు మీరు సంతకం చేసే ఫారంలో, లింగం తెలుసుకోవాలని నాకు లేదు అని ఉంటుంది. అది చదివించుకుని సంతకం చేయండి. "అటువైపు" ఎక్కడో చెప్పే చోటికి, స్కానింగ్ మంచిదైనా సరే, అడుగు పెట్టవద్దు.

వెళ్లే రోజు పాత రిపోర్టు కూడా తీసుకువెళ్లండి, అది పారేయలేదని నా ఆశ. చివరి నెలసరి తేదీ రాసుకోండి. టిఫాకు నిండా నీళ్లు తాగి బిగబట్టుకోనవసరం చాలాసార్లు ఉండదు, వాళ్లు చెప్పినట్టు చేయండి. జెల్ చల్లగా ఉంటుంది, అంతకుమించి నొప్పేమీ ఉండదు. గుండె చప్పుడు వినిపిస్తారేమో అని మీ గుండె జారిపోవచ్చు. వద్దనిపిస్తే, శబ్దం పెట్టవద్దండీ, చూపిస్తే చాలు అని ముందే చెప్పండి. ఆ మాట ఒడియాలో ఎలా అనాలో మీ ఆయన దగ్గర నేర్చుకోండి.

చాలా కేంద్రాల్లో లోపలికి ఒక్కరినే రానిస్తారు. మీ భర్త తానే వస్తానంటారు, న్యాయమే. నన్నడిగితే, అత్తగారు బయలుదేరడానికి ఒప్పుకుంటే ఆ చోటు ఆమెకు ఇవ్వండి. తెర మీద బిడ్డ చేయి కదిలినప్పుడు ఆమె మీ పక్కనే ఉంటారు. ఒప్పుకోకపోతే ఆయనతో వెళ్లండి, రిపోర్టు వచ్చాక మొదట ఆమె ముందే కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించండి.